సుల్తాన్ బజార్‌లో ఒకే ఇంటికి ఇద్దరు రాజుల స్టాంపులు ఎందుకున్నాయి?

ఎడిసన్ వాణి

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మ వాళ్ల ఇల్లు హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో ఉండేది, బడీచౌడీ వైపు తిరిగే మలుపుకి దగ్గర్లో. కింద బట్టల దుకాణం, పైన కాపురం. చాలా ఏళ్ల కిందటే అమ్మేశారు. ఈమధ్య అమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే రెండు పాత దస్తావేజులు బయటపడ్డాయి.

మొదటిది 1924 నాటిది, ఇంగ్లీషులో ఉంది. స్టాంపు మీద అయిదో జార్జి బొమ్మ. ధర "కల్దార్" రూపాయల్లో రాశారు. రెండోది ఉర్దూలో ఉంది, తెలిసినవాళ్ల చేత చదివించాం. తేదీ ఇస్ఫందార్ 1346 ఫస్లీ, స్టాంపు నిజాం ప్రభుత్వానిది, ధర "సిక్కా ఉస్మానియా"లో. ఇల్లు అదే, నాలుగు హద్దులూ అవే. మరి ఒక దానికి ఇంగ్లండు రాజు, ఇంకో దానికి నిజాం ఎందుకు? ఇల్లు ఎప్పుడు కట్టారో, అంతకు ముందు ఆ వీధిలో ఏముండేదో తెలుసుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

చౌడీ పోరడు

వాణి అక్కా, మా దుకాణం ఆ మలుపుకి నాలుగు అడుగుల దూరమే! మీ ఇల్లు ఏదో ఫొటో ఉంటే పెట్టండి. మెట్రో పిల్లర్లు వచ్చాక కొన్ని ముందుభాగాలు పోయినయి, కొన్ని ఇంకా ఉన్నయి. పై అంతస్తులో చెక్క బాల్కనీ, దానికి ఇనప కటకటాలు ఉంటే గుర్తుపడతా.

బెజవాడ బాబు

ఇందులో వింతేముంది? హైదరాబాద్ అంతా నిజాందే కదా. జార్జి స్టాంపు అంటే మద్రాసులోనో బొంబాయిలోనో ఉన్నవాళ్లు కొని అక్కడే రిజిస్టర్ చేయించుకుని ఉంటారు.

దస్తావేజు రావు

బాబు గారూ, అలా కాదండి. నేను రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. వాణి గారి రెండు కాగితాలూ సరైనవే. వాటి మధ్యలో ఇల్లు కదల్లేదు, ప్రభుత్వం మారింది.

ఇప్పుడు సుల్తాన్ బజార్ అంటున్నదాన్ని అప్పట్లో రెసిడెన్సీ బజార్లు అనేవారు. కోఠీ మహిళా కళాశాల ఉన్న భవనమే బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గర బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధి (రెసిడెంటు) ఉండే చోటు. దాని చుట్టూ ఉన్న బజార్లలో నిజాం చట్టం నడిచేది కాదు. పోలీసు, కోర్టు, స్టాంపు అన్నీ రెసిడెంటు చేతి కింద ఉండేవి. 1933లో ఆ బజార్లను నిజాంకు తిరిగి అప్పగించారు, అప్పుడే సుల్తాన్ బజార్ అనే పేరు వచ్చింది. మీ మొదటి కాగితం అప్పగింతకు ముందుది, రెండోది తర్వాతది. అంతే.

ఫస్లీ లెక్క కూడా చెప్తాను, చాలామంది ఇక్కడే తడబడతారు. హైదరాబాద్ రాజ్యంలో ఫస్లీ సంవత్సరం ఆజూర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే ఫస్లీకి 590 కలపాలి, జనవరి నుంచి 591. ఇస్ఫందార్ నాలుగో నెల. కాబట్టి మీ 1346 ఇస్ఫందార్ అంటే 1937 జనవరి.

ధర సంగతి. కల్దార్ అంటే బ్రిటిషిండియా రూపాయి, కాగితాల్లో "బి.జి." అని కూడా రాసేవారు. ఉస్మానియా సిక్కా నిజాం రూపాయి, "ఓ.ఎస్." అనేవారు. ఆరు కల్దార్‌లకు సుమారు ఏడు సిక్కాలు. రెండు ధరలూ పక్కపక్కన పెట్టి ఇంటి విలువ పెరిగిందా తగ్గిందా అని చూసేముందు ఈ మారకం వేయండి, లేకపోతే లెక్క తప్పుతుంది.

ఎడిసన్ వాణి

రావు గారూ, ఒక్క పోస్టుతో సగం చిక్కు విప్పేశారు. అమ్మకి ఫోన్ చేసి చెప్తే "అందుకేనా తాతయ్య రోడ్డు దాటితే వేరే రాజ్యం అనేవాడు" అంది!

మరి 1924కి ముందు కాగితాలు? మా తమ్ముడు ఇక్కడా అక్కడా తిరిగాడు గానీ 1930లకు ముందువేవీ దొరకలేదు.

పాతపటాలు

దొరక్కపోవడం సహజం. వెతకాల్సిన చోటు వేరు. నిజాం రికార్డులకు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ మొదటి మెట్టు, నిజమే. కానీ మీ వీధి 1933 వరకు నిజాం రికార్డుల్లో ఉండాల్సిన వీధి కాదు. రెసిడెన్సీ ఆఫీసు ఫైళ్లు బ్రిటిష్ ప్రభుత్వంతో నడిచాయి. పెద్ద భాగం ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది. కొంత లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీకి చేరింది, అక్కడ ఇండియా ఆఫీసు రికార్డుల్లో "ఆర్/2" వర్గం కింద దేశీ సంస్థానాల రెసిడెన్సీల కాగితాలుంటాయి. ఇంటి నంబరుతో వెతికితే లాభం లేదు. "రెసిడెన్సీ బజార్లు" అని వెతకండి. రోడ్డు వెడల్పు, డ్రైనేజీ, దుకాణాల అద్దెల ఫైళ్లలో ఇళ్ల యజమానుల పేర్లు తగులుతుంటాయి.

ఇంకోటి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చింది కదా. నగరం సగం తుడిచిపెట్టుకుపోయాక కొత్తగా కొలవాల్సి వచ్చింది. లియొనార్డ్ మన్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో 1912 నుంచి 1915 ప్రాంతంలో మున్సిపల్ సర్వే పటాలు తయారయ్యాయి. ఇంటింటికీ గీత విడిగా కనిపించేంత పెద్ద స్కేలు. బావులు, కాంపౌండు గోడలు, మసీదులు, గుళ్లు అన్నీ ఉంటాయి. హైదరాబాద్ పాత వీధుల మీద పనిచేసే ఎవరికైనా అవే పంచాంగం. మన్ షీట్లు స్కాన్ అయి ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మీ దస్తావేజులో హద్దులు రాసి ఉంటే వాటిని పటంతో కలిపి చూడండి.

బెజవాడ బాబు

సరే, ఒప్పుకుంటున్నాం. కానీ ఒక నగరం మధ్యలో ఇంకో దేశం చట్టం ఉండటం జనానికి తలనొప్పి కాదా? అక్కడ ఎవరు కాపురం పెడతారు?

దస్తావేజు రావు

డబ్బున్నవాళ్లు పెడతారు బాబు గారూ! అక్కడ అప్పు ఇస్తే బ్రిటిష్ కోర్టులో వసూలు చేసుకోవచ్చు. నవాబు గారు మనసు మార్చుకున్నా ఆస్తి జప్తు చేయలేరు. మార్వాడీ, గుజరాతీ, గోసాయి సాహుకార్లు అక్కడికి చేరింది అందుకే. అంతకు ముందు విలియం పామర్ కంపెనీ రెసిడెన్సీ అండ చూసుకునే నిజాం ప్రభుత్వానికి పెద్ద వడ్డీలకు అప్పులిచ్చింది. మెట్‌కాఫ్ రెసిడెంటుగా వచ్చి ఆ బాగోతం బయటపెట్టాడు. 1824 నాటికి కంపెనీ కుప్పకూలింది. బ్యాంక్ స్ట్రీట్ అనే పేరు ఊరికే రాలేదు.

లక్ష్మీ టీచర్

నేను కోఠీ కాలేజీలో చదువుకున్నాను. రెసిడెన్సీ సంగతి కొంచెం చెప్పనివ్వండి. కట్టించింది అప్పటి రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, 1803లో మొదలై ఆయన పోయాక పూర్తయింది. ఆయన 1805లో కలకత్తాలో చనిపోయాడు. డిజైన్ శామ్యూల్ రసెల్ అనే సైనిక ఇంజినీరుది. ముందు పెద్ద పెద్ద స్తంభాలు, మెట్లకు రెండు పక్కలా సింహాలు. ఆయన భార్య ఖైరున్నీసా కోసం కట్టిన రంగమహల్ ఇప్పుడు లేదు. 1949లో మహిళా కళాశాల అందులోకి వచ్చింది. మా రోజుల్లో పైకప్పు కింద నిలబడి పాఠం వినాలంటే భయమేసేది. ఈమధ్య మరమ్మతు చేశారు. కాలేజీ చాకలి ఐలమ్మ పేరుతో విశ్వవిద్యాలయం కూడా అయింది. దొరలకు ఎదురుగా భూమి కోసం నిలబడ్డ మనిషి పేరు, తెల్లదొర మేడకి! నాకు మాత్రం భలే సంతోషమేసింది.

కానీ అందరూ రెసిడెన్సీనే చూసి వెళ్లిపోతారు. నాకు అంతకంటే ముఖ్యమైన భవనం శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు తోడయ్యారు. 1921లో సొంత భవనం వచ్చింది. నిజాం రాజ్యంలో తెలుగువాళ్లకు మొదటి గ్రంథాలయం రెసిడెన్సీ బజార్లలోనే ఎందుకు పుట్టిందో రావు గారి మాట వింటే తెలిసిపోతుంది. తర్వాత "గస్తీ నిషాన్ 53" అనే ఉత్తర్వు వచ్చి, నిజాం ఇలాకాలో సభ పెట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాల్సిన పరిస్థితి. ఈ నాలుగు వీధుల్లో ఆ ఉత్తర్వు పనిచేయదు. సాహుకారు డబ్బుకి దొరికిన నీడే పుస్తకానికీ దొరికింది. హైదరాబాద్‌లో ఆర్యసమాజం కూడా 1892లో సుల్తాన్ బజార్‌లోనే మొదలైంది చూడండి.

చౌడీ పోరడు

టీచర్ గారూ, వివేకవర్ధిని సంగతి చెప్పకుండా వదిలేశారు.

లక్ష్మీ టీచర్

చెప్తాను నాయనా, టీ తాగొచ్చాను! 1921 నవంబరులో వివేకవర్ధిని థియేటర్‌లో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది, అధ్యక్షులు కర్వే పండితులు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడినప్పుడు అందరూ విన్నారు. వకీలు ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మొదలుపెట్టగానే గోల చేసి మాట్లాడనివ్వలేదు. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్లు టేకుమాల రంగారావు గారి ఇంట్లో కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టారు. మాడపాటి హనుమంతరావు గారు, బూర్గుల రామకృష్ణారావు గారు వగైరా. ఆంధ్ర మహాసభ దాకా వెళ్లిన కథకి మొదలు అదే. వాణీ, మీ ఇంటి నుంచి అక్కడికి నడిచి వెళ్లేంత దూరమే. మీ తాతగారి తండ్రి ఆ రోజుల్లో అక్కడే దుకాణం నడుపుతూ ఉంటే ఈ గొడవంతా ఆయన చెవిన పడే ఉంటుంది.

ఎడిసన్ వాణి

టీచర్ గారూ, అమ్మ ఇది విని "మీ ముత్తాత ఎప్పుడూ భాషానిలయంలో పేపరు చదివి వచ్చేవాడట" అంది. ఇన్నాళ్లూ ఒక్క మాట చెప్పలేదు!

చౌడీ పోరడు

ఇగ అసలు సంగతికి వస్తా. మా గల్లీలో ఏ పాత ఇల్లు చూసినా "1857లో తుర్రెబాజ్ ఖాన్ ఇక్కడి నుంచే కాల్చాడు" అంటరు. కనీసం ఆరుగురు చెప్పిన్రు నాకు. ఎవరిది నిజం?

పాతపటాలు

ఆరుగురిదీ కాదు. కాల్పులు జరిగింది రెండు ఇళ్లలోంచి, అవి ఎవరివో రికార్డుల్లో స్పష్టంగా ఉంది. అబ్బన్ సాహెబ్‌ది ఒకటి, సాహుకారు జైగోపాల్ దాస్‌ది ఇంకొకటి. రెండూ పుత్లీబౌలి దగ్గర, రెసిడెన్సీ పడమటి గోడకు ఎదురుగా. 1857 జులై 17 సాయంత్రం తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు, పట్నం జనం కలిసి వచ్చారు. రెసిడెన్సీలో బంధించిన జమాదార్ చీదా ఖాన్‌ను విడిపించాలని. ఆ రెండు ఇళ్లలోకి చేరి గోడ మీదకు రాత్రంతా కాల్పులు జరిపారు. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ రెసిడెంటు డేవిడ్‌సన్‌కు ముందే కబురు పంపాడు కాబట్టి లోపల ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. తెల్లారేలోపు వీళ్లు వెనక్కి తగ్గారు. తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడి, తప్పించుకుని, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర చంపబడ్డాడు. శవాన్ని తెచ్చి రెసిడెన్సీ బజార్‌లో అందరికీ కనిపించేలా వేలాడదీశారు. అల్లావుద్దీన్‌ను అండమాన్ పంపారు.

సాహుకారు ఇల్లు అంత దగ్గర్లో ఎందుకుందో మళ్లీ ఆలోచించండి. రెసిడెన్సీ రక్షణ కోసం గోడ పక్కనే మేడ కట్టుకుంటే, చివరికి ఆ మేడలోంచే రెసిడెన్సీ మీద గుళ్లు పడ్డాయి. ఆ తర్వాత గోడను బలపరిచి బురుజులు కట్టారు.

బెజవాడ బాబు

కోఠీ బస్టాండు దగ్గర స్తూపం ఈ తుర్రెబాజ్ ఖాన్‌దేనా? ఎన్నిసార్లు దాని పక్కనే నిలబడి బస్సు కోసం చూశానో.

చౌడీ పోరడు

అదే అన్నా. దాని పక్కనే పోటీ పరీక్షల పుస్తకాలు బేరమాడి కొనుక్కుని ఉంటరు మీరు.

గర్డర్ గిరి

ఆలస్యంగా వచ్చాను. పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి. పోరడు తమ్ముడి ఆరు ఇళ్లలో ఏది 1857 కంటే పాతదో గోడలే చెప్తాయి, కాగితం అక్కర్లేదు.

ముందు పైకప్పు చూడండి. చెక్క దూలాలు దగ్గర దగ్గరగా వేసి పైన ఇటుకలు నిలువుగా పేర్చి డంగు సున్నం పోస్తే అది మద్రాసు మిద్దె, పాత పద్ధతి. అలా కాకుండా ఇనప గర్డర్లు వేసి, గర్డర్‌కీ గర్డర్‌కీ మధ్య ఇటుకలతో చిన్న చిన్న కమానులు తిప్పి ఉంటే అది రైలు వచ్చాకే. వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలు 1874లో వచ్చింది. అంత బరువైన ఇనుము ఎడ్లబండి మీద ఇళ్లకు తోలుకొచ్చే స్తోమత ఎవరికుంది? నేల మీద షాబాద్ బండలున్నా అదే మాట. షాబాద్ వాడి దగ్గరే, ఆ బండలు చవగ్గా దిగింది రైలు వల్లే.

తర్వాత గర్డర్ పక్క భాగం మీద రంగు గీకి చూడండి. ఉబ్బెత్తు అక్షరాల్లో కంపెనీ పేరు ఉంటుంది. "డార్మన్ లాంగ్" అని ఉంటే ఇంగ్లండు నుంచి వచ్చింది. ఆ కంపెనీ పుట్టిందే 1875లో. "టాటా" అని ఉంటే 1912 తర్వాతే, జంషెడ్‌పూర్‌లో ఉక్కు తీయడం అప్పుడే మొదలైంది. ఒకే ఇంట్లో ఒక గదికి ఒకటి, ఇంకో గదికి ఇంకొకటి కనిపిస్తే ఆ ఇల్లు రెండు విడతల్లో కట్టారని అర్థం.

ఒక హెచ్చరిక. పైకప్పు పాతది కాకపోయినా కింది గోడలు పాతవి కావచ్చు. మూరెడు మందం సున్నం గోడ మీద ఎవరో తర్వాత గర్డర్ వేసి ఉండొచ్చు. ఇంటికి ఒకే పుట్టినరోజు ఉందని అనుకోకండి.

బెజవాడ బాబు

మరి మెట్రో కోసం కూల్చినవాటిలో ఇలాంటివి ఎన్ని పోయాయో! అసలు ఆ వీధి మీదుగా మెట్రో వేయకుండా ఉండాల్సింది.

చౌడీ పోరడు

అన్నా, మా వ్యాపారులు ఏళ్ల తరబడి కొట్లాడిన్రు. చివరికి 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ లైన్ మొదలైంది. నాకు రెండు మనసులు. మా నాయినకి పాత బజార్ పోయిందని బాధ. నాకేమో ఉప్పల్ నుంచి గిరాకీ వస్తుంది. చీరల షాపింగ్‌కి కారు పెట్టుకునే జాగ లేదని మానుకున్నోళ్లు మళ్లీ వస్తున్నరు.

గర్డర్ గిరి

నా అభ్యంతరం మెట్రో మీద కాదు. పడగొట్టే ముందు ప్రతి ముందుభాగాన్నీ కొలిచి, ఫొటో తీసి, గర్డర్ల పేర్లు రాసుకుని ఉంటే సరిపోయేది. అది పెద్ద ఖర్చు పని కాదు. గౌలిగూడ బస్ హ్యాంగర్ గుర్తుందా? 1930 నాటి ఉక్కు షెడ్డు, 2018 జులైలో ఒక రోజు తనంతట తనే కూలిపోయింది. దాన్ని ఎవరూ కూల్చలేదు, పట్టించుకోలేదు అంతే.

లక్ష్మీ టీచర్

క్లాక్ టవర్ మాత్రం ఇంకా నిలబడి ఉంది. 1865 నాటిది. దాని కింద బడి ఉంది కాబట్టే బతికిందని నా అనుమానం. పిల్లలున్న చోటికి పలుగు పట్టుకుని ఎవరూ తొందరగా రారు.

దస్తావేజు రావు

వాణి గారూ, మిగిలిన పని వరస చెప్తాను. ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, 1983 జనవరి నుంచే వస్తుంది. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి, పాత పుస్తకాలు తీయించాలి. మీవాళ్లు అమ్మిన దస్తావేజు నకలు తీసుకోండి, అందులో లింకు డాక్యుమెంట్ల నంబర్లు ఉంటాయి. అక్కడి నుంచి ఒక్కో మెట్టు వెనక్కి. టౌన్ సర్వే ల్యాండ్ రిజిస్టర్, టీఎస్‌ఎల్‌ఆర్ అంటాం, దాని నకలు కూడా పెట్టండి. టౌన్ సర్వే నంబరు దొరికితే ఇంటి నంబర్లు ఎన్నిసార్లు మారినా ప్లాటు తప్పిపోదు.

ఉర్దూ కాగితం మళ్లీ ఒకసారి చదివించండి. అది షికస్తా, అంటే గొలుసుకట్టు రాత అయితే మామూలుగా ఉర్దూ వచ్చినవాళ్లు అంకెలూ హద్దులూ పొరబడతారు. ఛత్తా బజార్ వైపు పాత మున్షీలు ఇంకా ఉన్నారు. ముఖ్యంగా హద్దుల పేరా అక్షరం వదలకుండా రాయించుకోండి.

ఎడిసన్ వాణి

హద్దుల పేరా 1924 కాగితంలో ఇంగ్లీషులోనే ఉంది కాబట్టి ఇప్పుడే చూసి రాస్తున్నా. తూర్పు: పబ్లిక్ రోడ్డు. పడమర: ఉమ్మడి గోడ, అవతల ఒక సాహుకారు గోదాము. ఉత్తరం: సందు, మూడు గజాల వెడల్పు. దక్షిణం: బావి, అందులో సగం హక్కు.

పాతపటాలు

సగం బావి! అక్కా, ఇదే పెద్ద ఆధారం. మన్ పటాల్లో బావులకు గుర్తు ఉంటుంది. మూడు గజాల సందు, దానికి దక్షిణంగా ఒక ఇల్లు, ఇంటికి ఆనుకుని బావి. ఆ వీధిలో ఈ మూడూ కలిసే చోట్లు ఎక్కువ ఉండవు. నేను షీటు తీసి గుర్తు పెట్టి పంపుతా.

చౌడీ పోరడు

ఆగండి ఆగండి. సందు పక్కన ఒక స్టీలు సామాన్ల షాపు ఉంది. దాని వెనక దక్షిణం వైపు గుండ్రంగా సిమెంటు మూత వేసి, పైన మోటార్ పెట్టిన జాగ ఉంది. చిన్నప్పుడు దాని మీదే క్యారమ్ ఆడేవాళ్లం. ఇప్పుడే పోయి వస్తా.

చౌడీ పోరడు

పోయిన, షాపు అన్న మంచోడు, లోపలికి రానిచ్చిండు. మూత కింద బావే. రెండు వైపులా గిలకలు కట్టే రాతి దిమ్మెలు ఉన్నయి, ఒకటి ఈ ఇంటి దిక్కు, ఇంకోటి పక్కింటి దిక్కు. పై గదిలో గర్డర్ మీద రంగు గీకినం. ముందు గదిలో డార్మన్ లాంగ్, వెనక గదిలో టాటా. ఫొటోలు పెట్టిన చూడండి.

గర్డర్ గిరి

చాలా బాగుంది తమ్ముడూ. ముందు భాగం ముందు కట్టారు, వెనక గది 1912 తర్వాత కలిపారు. ముందు గది గోడ మందం టేపుతో కొలిచి చెప్తావా? కిటికీ దగ్గర కొలువు, అక్కడ సుద్ద పూత తక్కువుంటుంది. ఇటుక సైజు కూడా.

దస్తావేజు రావు

ఫొటోలు బాగున్నాయి గానీ, వాణి గారూ, దస్తావేజు పేజీలు ఇక్కడ పెట్టేటప్పుడు డాక్యుమెంటు నంబరు, సంతకాలు, వేలిముద్రలు కనపడకుండా చెరిపి పెట్టండి. ఇల్లు ఇప్పుడు వేరేవాళ్లది. షాపు యజమాని గారికి కూడా ఒక మాట చెప్పి, ఆయన సరే అంటేనే బావి ఫొటో ఉంచండి.